పన్ను, మురుగుకాలువ, వలస: చీరాల–పేరాల పురపాలన వివాదం (1919–1922) – ఒక పునఃపరిశీలన

వ్యాససంగ్రహం: చీరాల–పేరాల ఉద్యమం తెలుగువారి స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో సహాయ నిరాకరణ ఘట్టంగా సుప్రసిద్ధం. అయితే ఆ ఉద్యమానికి మూలం ఒక చిన్న పట్టణపు వీధులు, బావులు, దీపాలు, పారిశుధ్యం ఎవరి ఖర్చుతో, ఎవరి నిర్ణయంతో సాగాలన్న ప్రశ్న. మొదటి ప్రపంచయుద్ధానంతర ఆర్థిక సంక్షోభ నేపథ్యంలో చీరాల యూనియన్‌ను మున్సిపాలిటీగా మార్చిన తీరును, ప్రజలు ఊరు విడిచి నిర్మించుకున్న రామనగరాన్ని పౌర నిర్వహణ దృష్టితో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చీరాల, పేరాల, మున్సిపాలిటీ, యూనియన్, ఇంటిపన్ను, చేనేత, రామనగరం, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ద్వంద్వ ప్రభుత్వం.

1. ప్రస్తావన

చీరాల–పేరాల పేరు వినగానే తెలుగు పాఠకునికి స్ఫురించేది ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన రామదండు, ఊరికి ఊరే కదలిపోయిన వలస. పాఠ్యపుస్తకాలు ఈ ఘట్టాన్ని పల్నాటి పుల్లరి సత్యాగ్రహంతోను, పెదనందిపాడు పన్నుల నిరాకరణతోను కలిపి ఒకే వరుసలో చెబుతాయి. కాలం దృష్ట్యా ఆ వరుస సబబే. విషయం దృష్ట్యా మాత్రం చీరాల కథ వేరు. పల్నాడులో వివాదం అడవిలో పశువుల మేతకు కట్టే పుల్లరి గురించి. పెదనందిపాడులో 1922 ఆరంభాన రైతులు నిలిపివేసింది భూమిశిస్తు. ఆ రెండూ సర్కారు ఖజానాకు పోయే సొమ్ములు. చీరాలలో ప్రజలు కట్టబోమన్నది తమ ఊరి రోడ్డుకు, తమ వీధి దీపానికి, తమ వాడ పారిశుధ్యానికి ఖర్చు పెడతామని అడిగిన పన్ను. తమ కోసమేనని చెప్పిన పన్నును ఒక పట్టణం ఎందుకు కాదన్నది? ఈ ప్రశ్నను వలస ఘట్టం ఇంతకాలం మరుగుపరచింది.

2. యూనియన్ నుంచి మున్సిపాలిటీకి

చీరాల, పేరాల ఒకదానినొకటి ఆనుకొని ఉన్న ఊళ్ళు. నాటి గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో మద్రాసు–బెజవాడ రైలుమార్గం మీద, సముద్రానికి దగ్గరగా ఉండేవి. (చీరాల 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి చేరింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 2022 నుంచి చీరాల బాపట్ల జిల్లాలో ఉంది.) రెండింటి జనాభా 1921 నాటికి సుమారు 15,000. వారిలో అధికులు నేతపనివారు. పక్కనున్న జాండ్రపేట పేరులోనే వృత్తి పలుకుతుంది. జాండ్ర అంటే నేతవాడు.

1884 నాటి మద్రాసు స్థానిక సంస్థల చట్టం జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, వాటి కింద యూనియన్ అనే మూడంతస్తుల ఏర్పాటు చేసింది. పల్లె స్థాయిని దాటి, పట్టణం స్థాయికి ఎదగని ఊళ్ళకు యూనియన్ వర్తించేది. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి చీరాల యూనియన్‌గా ఉండేవి. యూనియన్‌కు ప్రధానమైన రాబడి ఇంటిపన్ను. దానితో వీధులు ఊడ్పించడం, కొన్ని కిరసనాయిలు దీపాలు వెలిగించడం, బావుల మరమ్మతు, చిల్లర రోడ్ల పని నడిచేవి. చీరాల యూనియన్ పన్ను రాబడి ఏడాదికి సుమారు రూ. 4,000.

గుంటూరు 1866లో, ఒంగోలు 1876లో, తెనాలి 1909లో, నరసరావుపేట 1915లో మున్సిపాలిటీలయ్యాయి. ఆ క్రమంలో చీరాల వంతు 1919–20లో వచ్చింది. జనసంఖ్య, రైలు, వ్యాపారం చూస్తే ప్రభుత్వ నిర్ణయం వింతగా తోచదు. వింతగా తోచేది దాని వెంట వచ్చిన అంకె. మున్సిపాలిటీ హోదాతో పన్నుల భారం ఏడాదికి సుమారు రూ. 40,000కు చేరింది.

పదింతలు అనే మాట ఉపన్యాసాలలో తరచు వినబడుతుంది గాని, దానిని తలసరి లెక్కలోకి దించి చూడటం అవసరం. పదిహేను వేల జనాభాకు నాలుగు వేలంటే మనిషికి నాలుగణాల పైచిలుకు. నలభై వేలంటే మనిషికి రెండు రూపాయల పదణాలకు పైన. అయిదుగురున్న ఇంటికి రూపాయి అయిదణాల బరువు పదమూడు రూపాయల అయిదణాలైంది. ఇది సగటు మాత్రమే. ఆస్తి, వృత్తి, అంగడిని బట్టి ఒక్కో గడపకు ఒక్కో తీరు. యూనియన్‌లో ఇంటిపన్ను ఒక్కటే ముఖ్యం కాగా, మున్సిపాలిటీకి ఆస్తిపన్ను, వృత్తిపన్ను, బండ్లమీద పన్ను, పారిశుధ్యపు పన్ను వంటి పలు దారులు చట్టం తెరిచింది. నేతగానికి ఇల్లే కార్ఖానా. ఆస్తిపన్ను ఆ కప్పు మీద పడుతుంది, వృత్తిపన్ను ఆ కప్పు కింది మగ్గం మీద పడుతుంది.

3. యుద్ధానంతరపు గడ్డుకాలం

ఈ పెంపు వచ్చిన కాలం మరింత ముఖ్యం. మొదటి ప్రపంచయుద్ధం గుంటూరు సీమకు దూరాన జరిగినా దాని ధర ఇక్కడి మగ్గం మీద పడింది. 1914తో పోలిస్తే 1918 నాటికి దేశంలో నూలు బట్టల ధరలు రెట్టింపును మించాయి. బట్ట ధర పెరిగితే నేతవాడు బాగుపడ్డాడనుకోవడం పొరపాటు. నూలు ధర బట్ట ధర కన్న ముందు పరుగెత్తింది. జిల్లా నల్లరేగడి నేలల్లో పత్తి విరివిగా పండినా, మగ్గానికి కావలసిన మిల్లునూలు బజారులో కొనవలసిందే. చేతిలో పెట్టుబడి లేని నేతగాడు సావుకారు వద్ద నూలు తెచ్చుకొని, నేసి, కూలి పుచ్చుకునేవాడు. కూలి ధరలతో పాటు పెరగలేదు.

రంగుల కరవు దానికి తోడైంది. చీరాలకు పేరు తెచ్చిన తేలియా రుమాలు నూనెలో, బూడిదనీటిలో పదేపదే నానబెట్టిన నూలుతో, ఎరుపు, నలుపు అద్దకాలతో తయారయ్యేది. అరబ్బు తీరాలకు, ఇతర దేశాలకు ఎగుమతి అయ్యేది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభానికి భారతదేశపు అద్దకాలు జర్మనీ కృత్రిమ రంగులపై ఆధారపడ్డాయి. యుద్ధం మొదలు కాగానే జర్మనీ సరుకు నిలిచిపోయింది. ఓడల కొరత వల్ల విదేశీ బేరాలూ దెబ్బతిన్నాయి.

1918లో వానలు తప్పాయి. ఆ ఏడే మద్రాసు రాజధానిలో పలుచోట్ల తిండిగింజల కోసం దొమ్మీలు, అంగళ్ళ లూటీలు జరిగాయి. అదే సంవత్సరం చివర విషజ్వరంగా జనం చెప్పుకున్న ఇన్‌ఫ్లూయెంజా ఇంటింటా మనుషులను తీసుకుపోయింది. ఇంత జరిగిన ఏడాది, రెండేళ్ళకు మున్సిపాలిటీ పన్ను నోటీసు వచ్చింది. బియ్యం, నూలు, కిరసనాయిలు మూడూ పిరమైన ఇంటికి పన్ను మాత్రం పదింతలు కావడం ఎలా కనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

4. ఇసుకనేల, వీధి, బావి

మున్సిపాలిటీ అవసరమా కాదా అన్న చర్చలో సాధారణంగా విస్మరించబడే అంశం చీరాల నేల. గుంటూరు జిల్లా అంటే నల్లరేగడి, పత్తి, మిరప అనే ప్రసిద్ధి లోతట్టు తాలూకాలకు చెల్లుతుంది. ఆ నల్లనేలలో నాలుగు చినుకులు పడితే బండి ఇరుసుదాకా దిగబడుతుంది. కంకర రోడ్డు లేకపోతే సంతకు సరుకు చేరదు. పక్క కాలువ లేకపోతే మురుగు వారాలపాటు నిలుస్తుంది. చీరాల అలా కాదు. అది తీరపు ఇసుకనేల. వాన నీరు నిలవకుండా ఇంకిపోతుంది. కొద్ది లోతులోనే తియ్యని నీరు పడుతుంది. బాపట్ల, చీరాల ప్రాంతపు రైతులు ఇసుకలో దొరువులు తవ్వి ఆ నీటితోనే తోటలు పెంచుతారు. ఇలాంటి ఊరికి ఖరీదైన మురుగుకాలువలు, దూరాన్నుంచి గొట్టాల నీరు మొదటి అక్కరలు కావు. ఊరి అవసరాలకు యూనియన్ చాలునన్న వాదానికి ఈ నేల స్వభావమే బలం.

అయితే ఈ వాదాన్ని పూర్తిగా అంగీకరించడానికీ వీలులేదు. ఇసుక మురుగును త్వరగా మింగుతుంది గాని మాయం చేయదు. పదిహేను వేల మంది కిక్కిరిసి ఉన్న చోట మరుగుదొడ్డి గుంట, అద్దకపు నీటి తొట్టి, తాగేనీటి బావి ఒకే ఇసుకపొరలో ఉంటాయి. కలరా ఏటా తిరిగే రోజుల్లో ఆరోగ్యాధికారులకు ఈ భయం ఉండటం సహజం. వైద్యశాస్త్ర దృష్ట్యా అది సరైన భయం. కనుక వివాదాన్ని అజ్ఞానానికీ విజ్ఞానానికీ మధ్య పోరుగానో, దోపిడీకీ త్యాగానికీ మధ్య పోరుగానో చిత్రించడం రెండూ తేలిక పనులు. బావుల చుట్టూ గట్లు, దూరంగా చెత్త పారవేత, మరికొందరు పారిశుధ్యపు పనివారు – ఇంతవరకు యూనియన్ చట్టం కిందే, పన్నును మెల్లగా పెంచుతూ చేయదగిన పనులే. పని తరువాత పన్ను వస్తే వాదం ఒక తీరుగా ఉండేది. చీరాలలో ముందు హోదా, ఆపై పన్ను వచ్చాయి. కొత్త కాలువ గాని కుళాయి గాని జనం కళ్ళపడకముందే బిల్లు గడపలోకి వచ్చింది.

నేతపేటలో వీధికి మరొక ఉపయోగం ఉంది. తెల్లవారుజామున పడుగును వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెతో సరిచేసి ఆరబెడతారు. నేతవాడలో వీధి సగం కార్ఖానా. మున్సిపల్ చట్టం దృష్టిలో మాత్రం వీధి అంటే రాకపోకల దారి. దానికి అడ్డు పెట్టడం ఆక్రమణ. కంకర పరచి బండ్లు తిరిగేలా చేయడం పట్టణానికి అభివృద్ధి కావచ్చు, పడుగుకు మాత్రం చేటు. ఏ పని ప్రజోపయోగమో నిర్ణయించేవాడు ఆ వీధిలో బతికేవాడు కాకపోతే ఎదురయ్యే చిక్కు ఇది.

5. ఖజానా ఎందుకు ఆదుకోలేదు?

కొత్త మున్సిపాలిటీకి తొలి ఏళ్ళలో ప్రభుత్వ గ్రాంటు ఇచ్చి, పన్నును విడతలుగా పెంచి ఉంటే? ఈ ప్రశ్నకు జవాబు చీరాలలో కాదు, మద్రాసు ఖజానాలో ఉంది. 1919 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాలలో ద్వంద్వ ప్రభుత్వాన్ని తెచ్చింది. ఆర్థికం, రెవిన్యూ, పోలీసు గవర్నరు కార్యనిర్వాహక మండలి చేతిలో ఉంచి, స్థానిక స్వపరిపాలన, విద్య, ప్రజారోగ్యం వంటివి మంత్రులకు బదలాయించింది. అంటే ఖర్చయ్యే శాఖలు మంత్రులవి, డబ్బుసంచి ఇతరులది. దానికి తోడు మెస్టన్ తీర్పు ప్రకారం రాష్ట్రాలన్నీ కలిసి కేంద్రానికి ఏటా చెల్లించవలసిన 983 లక్షల రూపాయల్లో మద్రాసు వాటా 348 లక్షలు. అన్ని రాష్ట్రాలలోకి అదే పెద్దది. ఇంత కప్పం కట్టిన తరువాత చిన్న పట్టణాల పారిశుధ్యానికి మిగిలేది స్వల్పం. స్థానిక సంస్థ తన కాళ్ళమీద తానే నిలవాలి అనే సూత్రం ఆ దశలో ఆదర్శం కన్న అవసరమే ఎక్కువ.

1920 చివర జరిగిన ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించగా జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఏర్పడింది. స్థానిక స్వపరిపాలన శాఖ పి. రామరాయణింగారికి దక్కింది; తరువాత పానగల్ రాజాగా ప్రసిద్ధుడైనది ఈయనే. 1921 జూలైలో ఆయనే ముఖ్యమంత్రి అయ్యాడు. చీరాలను మున్సిపాలిటీ చేసిన నిర్ణయం ఆయనది కాదు; పాత ప్రభుత్వం నుంచి దఖలు పడినది. కానీ దానిని సమర్థించే పని ఆయన పాలయింది. తెలుగువాడే మంత్రిగా ఉండగా తెలుగు పట్టణం స్వపరిపాలన వద్దని మొరపెట్టుకోవడం కొత్త రాజ్యాంగానికి ఇబ్బందికరమైన ఆరంభం. ఒక్క చీరాలకు మినహాయింపు ఇస్తే తక్కిన ఊళ్ళూ అడుగుతాయన్న జంకు కూడా పాలకులలో ఉండటానికి వీలుంది. ఆ పట్టుదల రాజకీయంగా అర్థమయ్యేదే గాని పాలనగా తెలివైనది కాదు.

6. సభ్యులు లేని సభ

పన్ను చెల్లింపుదార్ల విన్నపాలు ఫలించలేదు. ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతం మీద ఛైర్మన్‌ను నియమించి మున్సిపాలిటీని నడపబూనింది. స్వపరిపాలన కోసం ఏర్పడిన సంస్థలో ప్రజల ప్రతినిధులు లేకుండా పోయారు. మిగిలినది వసూలు యంత్రాంగం. దాని ఖర్చూ ఆ పన్నులోంచే రావాలి. పన్ను కట్టనివారిపై కేసులు నడిచాయి. పన్నెండుగురికి జైలుశిక్షలు పడ్డాయి. వారిలో ఒకరు స్త్రీ. పన్ను బాకీకి జప్తు అనేది పల్లెల్లోనూ ఎరిగినదే గాని, వీధి ఊడ్చే పన్ను కట్టనందుకు ఆడమనిషి చెరసాలకు పోవడం చుట్టుపట్ల ఊళ్ళను కలవరపెట్టింది.

ఈ దశలో నాయకత్వం వహించిన గోపాలకృష్ణయ్య (1889–1928) కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో ఎం.ఏ. చేసి వచ్చినవాడు. చాటువులు, పాటలు, చమత్కారాల చాటున ఆయన అర్థశాస్త్ర చదువు మరుగున పడింది. పన్నుభారం, చెల్లించే శక్తి అనే మాటలు ఆయనకు కొత్తవి కావు. ఆయన కూర్చిన రామదండులో సుమారు వెయ్యిమంది వాలంటీర్లు ఉండేవారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశానికి తరలివచ్చిన జనాన్ని అదుపు చేసింది ఈ దండే. ఆ సమావేశం ముగిశాక గాంధీ 1921 ఏప్రిల్ 6న చీరాల వచ్చాడు. పన్ను నిరాకరించి శిక్షలు అనుభవించడం, లేదా మున్సిపల్ హద్దులు దాటి వెళ్ళిపోవడం – ఈ రెండు మార్గాలు ఆయన ఎదుట పెట్టాడు. అహింస చెదరకుండా ఉండాలన్నది ఆయన షరతు. ఊరు రెండో మార్గం ఎంచుకుంది.

రెండో మార్గం న్యాయశాస్త్రరీత్యా చతురమైనది. మున్సిపల్ పన్ను హద్దును బట్టి వస్తుంది. హద్దులో నివాసం లేనివానిపై కొత్తగా వృత్తిపన్ను విధించడం, ఖాళీ ఇంటినుంచి వసూలు చేయడం కష్టం. చట్టాన్ని ధిక్కరించకుండానే చట్టం కింద నేలను లాగివేయడం ఇందులోని ఎత్తు.

7. రామనగరం: పన్ను లేని పట్టణం

1921 ఏప్రిల్ చివర వలస మొదలైంది. పదిహేను వేలలో సుమారు పదమూడు వేలమంది హద్దు అవతల తాటాకు పాకలు, పందిళ్ళు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగరమని పేరు. ఇందులోని వీరత్వం గురించి చాలా రాశారు. ఇక్కడ గమనించవలసినది మరొకటి: పదమూడు వేలమంది ఒకచోట చేరితే అది మళ్ళీ పట్టణమే. యూనియన్‌కూ మున్సిపాలిటీకీ ఏ పనులున్నాయో అవన్నీ రామనగరానికీ ఉన్నాయి.

కాలం కత్తెర ఎండలు. పాకలు పక్కపక్కనే ఉన్న తాటాకువి. పొయ్యి నిప్పు గురించి, తాగేనీటి గురించి, మరుగు గురించి కట్టుబాటు లేకపోతే ఒక్క వారం గడవదు. ఆ కట్టుబాటు నిలిపింది రామదండు. కాపలా, తగవుల అదుపు, చందాల వసూలు దాని భుజాల మీదే నడిచాయి. వివాదాలకు సర్కారు కోర్టుకు పోకుండా తమ పంచాయతీలోనే తీర్పు చెప్పుకున్నారు. సహాయ నిరాకరణ కార్యక్రమంలో న్యాయస్థానాల బహిష్కరణ ఒక అంశం. ఇతర పట్టణాల్లో అది ప్లీడర్లు ప్రాక్టీసు మానడంగా కనిపించింది. రామనగరంలో అది రోజువారీ పాలనగా మారింది.

పన్ను లేదు కనుక ఖర్చు లేదని కాదు. పన్ను స్థానంలో మూడు వచ్చాయి: వాలంటీరు శ్రమ, బయటి ఊళ్ళ చందా, నిర్వాసితుల సొంత నష్టం. మూడోది ఏ లెక్కలోనూ ఎక్కదు గాని బరువులో అదే పెద్దది. గుంటమగ్గం నేలలో పాతుకున్న సాధనం. బండికెక్కించి తెచ్చుకునేది కాదు. కొత్తచోట మళ్ళీ గుంట తవ్వి, గుంజలు నాటి, పడుగు ఎక్కించాలి. పందిట్లో ఎండకు, గాలి రేపే ఇసుకకు పడుగు దారం తెగుతుంది. వానకాలంలో గంజిపట్టిన నూలు ఆరదు. మగ్గం ఆడని రోజు కూలి లేదు. కుటుంబానికి ఏటా పన్నెండు రూపాయల అదనపు పన్ను తప్పించుకోవడానికి అంతకు ఎన్నో రెట్ల ఆదాయాన్ని జనం వదులుకున్నారు. ఈ లెక్క వారికి తెలియదని అనుకోలేము. నేతగాడు పోగు పోగుకూ లెక్క చూసేవాడు. వారు తిరస్కరించినది మొత్తాన్ని మాత్రమే కాదు, అడగకుండా విధించే పద్ధతిని అని చెప్పడానికి ఇంతకన్న బలమైన సాక్ష్యం అక్కరలేదు.

అయితే వాలంటీరు శ్రమకు ఒక స్వభావముంది. అది ఉత్సాహంతో మొదలవుతుంది, అలసటతో సన్నగిల్లుతుంది. వీధి ఊడ్చే పని, మరుగు ఎత్తే పని రోజూ చేయవలసినవి. తీరాంధ్ర పట్టణాలలో ఆ పని కులాల మెట్లలో అట్టడుగున ఉంచిన వారి మీద మోపబడింది. మున్సిపాలిటీలు దానికి తక్కువ జీతమైనా ఇచ్చేవి. పన్ను లేని పట్టణంలో ఆ జీతం ఎక్కడిదన్న ప్రశ్న ఉద్యమ సాహిత్యపు పొగడ్తలలో వినబడదు. రామనగరాన్ని స్వరాజ్యానికి నమూనాగా కీర్తించేవారు ఈ ప్రశ్న దగ్గర ఆగవలసి ఉంటుంది.

ఇటు హద్దు లోపల పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. ఛైర్మన్ ఉన్నాడు, చట్టం ఉంది, పన్ను పట్టీ ఉంది, మనుషులు రెండువేలే. నెలల తరబడి చీరాల–పేరాలలో రెండు పట్టణాలున్నాయి. ఒకదానికి అధికారం ఉంది, జనం లేరు. మరొకదానికి జనం ఉన్నారు, నిలకడైన రాబడి లేదు.

8. అదే సంవత్సరం, మరో రెండు చోట్ల

చీరాల ఒంటరి ఉదాహరణ కాదని గుర్తించడం అవసరం. బెంగాలులో 1919 నాటి గ్రామ స్వపరిపాలన చట్టం కింద మిడ్నపూర్ జిల్లాలో యూనియన్ బోర్డులు నెలకొల్పారు. పన్ను పెరుగుతుందన్న కారణంతో బీరేంద్రనాథ్ శాస్మల్ నాయకత్వాన గ్రామస్థులు 1921లో వాటిని బహిష్కరించారు. పన్ను కట్టక జప్తుకు వస్తువులు అప్పగించారు. వేలంలో కొనేవారు లేకపోయారు. 1921 చివరికి ప్రభుత్వం ఆ జిల్లాలో దాదాపు అన్ని యూనియన్ బోర్డులనూ ఉపసంహరించుకుంది. అదే ద్వంద్వ ప్రభుత్వం, అదే రకపు పన్ను. అక్కడ వెనక్కు తగ్గిన పాలకులు ఇక్కడ తగ్గలేదు. మిడ్నపూర్‌లో నిరాకరణ జిల్లా అంతటా వ్యాపించింది, జనం తమ ఇళ్ళలోనే, తమ పొలాల మీదే ఉండి నిరాకరించారు. చీరాల ఒక్క పట్టణం. పైగా తన జీవనోపాధినే పందెంగా ఒడ్డింది. ఎంత కాలం నిలవగలరన్నది అక్కడ పాలకులకు ప్రశ్న, ఇక్కడ ప్రజలకు.

రెండో ఉదాహరణ పాలకుల దేశంలోనిదే. లండన్ తూర్పు భాగాన ఉన్న పాప్లర్ కార్మికవాడ. యుద్ధానంతర నిరుద్యోగంలో పేదల సహాయపు ఖర్చంతా ఆ పేదవాడే భరించాలి. ధనికవాడలకు ఆ బాధ్యత లేదు. జార్జి లాన్స్‌బరీ నాయకత్వంలోని కౌన్సిలర్లు లండన్ కౌంటీ కౌన్సిల్ మొదలైన సంస్థలకు చెల్లించవలసిన వాటా వసూలు చేయబోమన్నారు. 1921 సెప్టెంబరులో ముప్పైమంది కౌన్సిలర్లు జైలుకు వెళ్ళారు. కొద్ది వారాలకే విడుదలయ్యారు. ఆ ఏడే పేదల సహాయపు భారాన్ని లండన్ వాడలన్నిటికీ పంచే చట్టం వచ్చింది. పాప్లర్ కౌన్సిలర్లు పదవి వదలలేదు. పదవిలో ఉండే నిరాకరించారు. చీరాల కౌన్సిలర్లు రాజీనామా చేసి సభను ఖాళీ చేశారు, ఆ ఖాళీలోకి ప్రభుత్వ ఛైర్మన్ వచ్చాడు. సహాయ నిరాకరణ నీతి ప్రకారం రాజీనామా సహజమే. పురపాలన దృష్టితో చూస్తే, బడ్జెట్టు తగ్గించే తీర్మానం చేయగల ఒకే ఒక్క చోటును ప్రజలు తమ చేతులారా వదులుకున్నారు. కౌన్సిల్ తగ్గించినా ప్రభుత్వం ఒప్పుకునేదా అన్న సందేహం న్యాయమైనదే. అయినా ఆ ఘర్షణ అంకెల మీద జరిగేది, మగ్గాల మీద కాదు.

9. తిరుగుదారి

గోపాలకృష్ణయ్య నిధుల కోసం, ప్రచారం కోసం ఊళ్ళు తిరగవలసి వచ్చింది. 1921లోనే బరంపురంలో నిషేధాజ్ఞను ఉల్లంఘించినందుకు ఆయనను అరెస్టు చేసి ఏడాది శిక్ష విధించారు. తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేని రామనగరం ఆ పైన తీరపు తుఫానుల కాలాన్ని, చలికాలాన్ని పాకలలోనే గడిపింది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తరువాత గాంధీ ఉద్యమాన్ని నిలిపివేశాడు. మొత్తం పదకొండు నెలల తరువాత జనం తిరిగి తమ ఇళ్ళకు చేరారు.

ఆ ఇళ్ళకు అప్పటికి ఏడాది మరమ్మతు లేదు. మట్టిగోడ, తాటాకు కప్పు ఒక్క వానకాలం పట్టించుకోకపోతే ఎలా ఉంటాయో తీరపు ఊళ్ళవారికి చెప్పనక్కరలేదు. మగ్గపు గుంటలు పూడుకుపోయి ఉంటాయి. సావుకారు బాకీ పెరిగి ఉంటుంది. జైలునుంచి వచ్చిన గోపాలకృష్ణయ్య ఆరోగ్యం క్షీణించి, క్షయతో 1928 జూన్ 10న, నలభై ఏళ్ళు నిండకుండానే మరణించాడు.

ఉద్యమం ఓడిపోయిందని కొందరు, నైతికంగా గెలిచిందని కొందరు రాశారు. పురపాలన చరిత్ర దృష్ట్యా ఆ తీర్పు కన్న ఒక తేదీ ఎక్కువ చెబుతుంది. రైలు, వ్యాపారం, జనాభా అన్నీ అంతకంతకు పెరిగిన చీరాలకు నేటి పురపాలక సంఘం స్థాపన సంవత్సరంగా చెప్పుకుంటున్నది 1919 గాని, 1920 గాని కాదు; 1948.